వీధి మారినా బరువు మారలేదు

దేశ రాజధాని పాత నగరంలోని చాందినీ చౌక్ ప్రధాన వీధిని పగటి పూట మోటారు వాహనాలకు మూసివేసే పథకం 2021 సెప్టెంబరు 12న లాంఛనంగా అమలులోకి వచ్చింది. ఎర్రకోట ఎదుటి కూడలి నుంచి ఫతేపురి మసీదు వరకు సుమారు 1.3 కిలోమీటర్ల పొడవునా ఉదయం 9 గంటల నుంచి రాత్రి 9 గంటల వరకు కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ల ప్రవేశాన్ని నిషేధించారు. ఉల్లంఘించిన వారికి 20 వేల రూపాయల వరకు జరిమానా విధిస్తామని ప్రకటించారు. దశాబ్దాలుగా బాటసారుల తలల మీద వేలాడిన విద్యుత్ తీగలను భూగర్భంలోకి మళ్లించారు. ఎర్రని రాతి పలకలతో నడక దారులు వేశారు. మొక్కలు నాటారు, కూర్చోవడానికి అరుగులు కట్టారు.

ఈ నిర్ణయం మౌలికంగా సరైనదే. అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేక, పొగతో ఊపిరాడక, దుకాణానికీ వాహనానికీ మధ్య నలిగిపోయిన పాదచారికి ఇది చాలా ఆలస్యంగా దక్కిన న్యాయం. అయితే మూడు శతాబ్దాలకు పైగా వ్యాపారమే ఊపిరిగా బతికిన వీధిని చక్కదిద్దడమంటే దాని ముఖం కడగడం ఒక్కటే కాదు. ఆ వీధిలోకి రోజూ వచ్చే సరుకు ఎంత, దానిని మోసేదెవరు, వారు బండి ఆపుకునేదెక్కడ, నడుము వాల్చేదెక్కడ అన్న ప్రశ్నలకు కూడా ప్రణాళికలో సమాధానం ఉండాలి. చాందినీ చౌక్ పథకంలో లోపించినది ఇదే. దేశంలోని ఇతర పాత నగరాలు ఈ నమూనాను అనుసరించడానికి ఉత్సాహపడుతున్నందున ఈ లోపాన్ని ఇప్పుడే గుర్తించడం అవసరం.

విలాస వీధి టోకు బజారైన తీరు

మొగలు చక్రవర్తి షాజహాన్ తన కొత్త రాజధాని షాజహానాబాద్‌ను 1639లో ప్రారంభించి 1648 నాటికి నివాసయోగ్యం చేశాడు. ఆయన కుమార్తె జహనారా బేగం 1650 ప్రాంతంలో చాందినీ చౌక్‌ను తీర్చిదిద్దింది. వీధి నడుమ కాలువ పారేది. నడిమధ్యన ఉన్న తటాకంలో వెన్నెల ప్రతిఫలించేది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. నగలు, పట్టు వస్త్రాలు, అత్తరులు అమ్మే ఆ వీధి నాటి ప్రభు వర్గాల విహార స్థలం.

1857 తిరుగుబాటు అణచివేత తరువాత ఆ నగర స్వరూపమే మారిపోయింది. కోట చుట్టుపక్కల ఇళ్లను బ్రిటిష్ సైన్యం నేలమట్టం చేసింది. 1860ల దశకంలో రైలు మార్గం పాత నగరాన్ని చీల్చుకుంటూ లోపలికి వచ్చింది. చాందినీ చౌక్‌కు ఉత్తరాన కూతవేటు దూరంలో రైల్వే స్టేషన్ వెలిసింది. అదే దశకంలో వీధి మధ్యన టౌన్ హాల్ కట్టారు. 1908 నుంచి 1960ల తొలినాళ్ల వరకు ఈ వీధిలో ట్రాములు కూడా నడిచాయి. రైలు దిగిన సరుకు దగ్గరి బజారుకే చేరుతుంది. ఉత్తర భారతమంతటికీ సరుకు పంపిణీ చేసే టోకు వర్తకం ఇక్కడ స్థిరపడడానికి ఆ స్టేషనే ప్రధాన కారణం. 1947 దేశ విభజనలో వేలాది పాత కుటుంబాలు తరలిపోగా, పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు ఆ హవేలీలలో కాపురాలు పెట్టారు, దుకాణాలు తెరిచారు. అటు పిమ్మట గదులు గిడ్డంగులయ్యాయి; ముంగిళ్లు సరుకు దించే రేవులయ్యాయి.

ఈనాడు ఒక్కొక్క సందు ఒక్కొక్క వర్తకానికి పేరుపొందింది. దరీబా కలాన్‌లో వెండి బంగారాలు, కినారీ బజారులో జరీ అంచులు, నయీ సడక్‌లో పాఠ్య పుస్తకాలు, చావ్డీ బజారులో కాగితం, ఇత్తడి సామాను, భగీరథ్ ప్యాలెస్‌లో విద్యుత్ పరికరాలు, మందులు, కట్రా నీల్‌లో వస్త్రాలు. ఫతేపురి మసీదు పక్క నుంచి మొదలయ్యే ఖారీ బావ్‌లీ ఆసియాలోకెల్లా పెద్ద సుగంధ ద్రవ్యాల మార్కెట్‌గా ప్రసిద్ధి. గుంటూరు యార్డులో టిక్కీలకు ఎత్తిన ఎండు మిరప లారీలలో ఉత్తరాదికి వెళ్లి చేరే కేంద్రాలలో ఇదొకటి. పల్నాటి రైతు పండించిన మిర్చి బస్తా అక్కడ ఇరుకు మెట్ల మీదుగా కూలీ వీపు మీదనే పైఅంతస్తు గిడ్డంగికి ఎక్కుతుంది. ఆ ఘాటుకు గోడల వెంట నడిచే కొనుగోలుదారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రెండు నిమిషాలలో దాటిపోతాడు. బస్తా మోసే మనిషి రోజంతా ఆ గాలినే పీలుస్తాడు.

విచిత్రమేమంటే, కోట్లాది రూపాయల లావాదేవీలు జరిగే ఈ గోడల నగరాన్ని 1956 నాటి మురికివాడల చట్టం కింద మురికివాడగానే ప్రకటించారు. సంపద సృష్టించే ప్రాంతం కాగితాల మీద మురికివాడ కావడంలోని వైరుధ్యమే ఇక్కడి సమస్యలన్నింటికీ మూలం. మురికివాడ అన్న ముద్ర ఉన్నచోట సౌకర్యాలు వాయిదా పడతాయి. వ్యాపారం ఉన్నచోట జనం ఆగరు.

రిక్షా వ్యాజ్యం నుంచి పుట్టిన పథకం

చాందినీ చౌక్ పథకానికి ఒక పూర్వ కథ ఉంది. దానిని ఇప్పుడు చాలామంది మరచిపోయారు. 2006-07 ప్రాంతంలో ఈ వీధిలో రద్దీకి సైకిల్ రిక్షాలే కారణమన్న వాదన బలపడి, కోర్టు ఉత్తర్వులతో వాటిని ప్రధాన వీధి నుంచి వెళ్లగొట్టారు. అప్పట్లో ఢిల్లీ నగరమంతటికీ 99 వేల రిక్షాలకు మించి లైసెన్సులు ఇవ్వరాదన్న పరిమితి ఉండేది. రిక్షా యజమానే దానిని తొక్కాలన్న మరో నిబంధన కూడా ఉండేది. పల్లె నుంచి వచ్చి అద్దెకు రిక్షా తీసుకునే పేదవాడు ఈ రెండు నిబంధనల మధ్య నిత్య నేరస్థుడయ్యాడు. లైసెన్సు లేని రిక్షాను పట్టుకుని తుక్కు చేయడం పురపాలక సిబ్బందికి నిత్యకృత్యమైంది.

ఈ విధానాన్ని సవాలు చేస్తూ మానుషి సంఘటన్ అనే స్వచ్ఛంద సంస్థ 2007లో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2010 ఫిబ్రవరి 10న వెలువడిన తీర్పులో హైకోర్టు ఆ సంఖ్యా పరిమితిని, యజమానే తొక్కాలన్న నిబంధనను కొట్టివేసింది. రోడ్డు మోటారు వాహనాల సొంత ఆస్తి కాదన్నది ఆ తీర్పు సారాంశం. అన్ని రకాల వాహనాలనూ దృష్టిలో ఉంచుకుని నగర రవాణాను పరిశీలించేందుకు ప్రత్యేక కార్యదళాన్ని నియమించాలని ఆదేశించింది. పురపాలక సంస్థ చేసుకున్న అప్పీలును సుప్రీంకోర్టు 2012లో తోసిపుచ్చింది. ఆ వ్యాజ్యంపై కొనసాగిన విచారణల పర్యవేక్షణలోనే, 2008లో ఏర్పాటైన షాజహానాబాద్ పునరభివృద్ధి సంస్థ చేతుల మీదుగా చాందినీ చౌక్ నవీకరణ రూపుదాల్చింది. 2018 డిసెంబరులో పనులు మొదలయ్యాయి. మధ్యలో కరోనా లాక్‌డౌన్ వచ్చి పడింది.

అంటే రిక్షా తొక్కే వాడి జీవనోపాధి కోసం జరిగిన న్యాయ పోరాటమే చివరకు ఈ వీధిని మోటారు వాహనాల నుంచి విముక్తం చేసింది. కానీ వీధి సిద్ధమయ్యేసరికి ఆ రిక్షావాలాయే సమస్యగా మారాడు. ప్రయాణికుల కోసం నిలిచే రిక్షాల వరుసలు అందాన్ని చెడగొడుతున్నాయని, వాటి సంఖ్యకు మళ్లీ పరిమితి విధించాలని వాదనలు వచ్చాయి. మోటారు ఆగిన చోట మనిషి కండబలం మీద నడిచే బండ్లు పెరగడం సహజం. ఆ పెరుగుదలను ముందుగానే లెక్కగట్టి, నిలుపుదల స్థలాలు, మంచినీటి వసతి, మరుగుదొడ్లు, మరమ్మతు చోట్లు ఏర్పాటు చేయడం ప్రణాళికా రచయితల బాధ్యత. ఆ పని చేయకుండా రిక్షాలు దారికి అడ్డం వస్తున్నాయనడం వంటవాడిని పిలిచి పొయ్యి ఇవ్వకపోవడం వంటిది.

విద్యుత్ రిక్షాల సంగతి మరొక చిక్కు. 2015లో చేసిన సవరణతో అవి మోటారు వాహనాల చట్టం పరిధిలోకి వచ్చి చట్టబద్ధత పొందాయి. మోటారు వాహనాలు కావడం వల్లనే పగటి పూట ఈ వీధిలోకి వాటికి ప్రవేశం లేదు. ఫలితంగా అవి వీధి రెండు కొసలలోనూ గుమిగూడుతున్నాయి. ఎర్రకోట వైపు, ఫతేపురి వైపు ఏర్పడే ఆ గుంపు దాటితే గాని ప్రశాంతమైన నడక దారి కనిపించదు. రద్దీ పోలేదు, కొసలకు జరిగింది.

రాత్రికి జరిగిన బరువు

సరుకు రవాణా విషయం ఇంతకంటే గంభీరమైనది. పగలు మోటారు వాహనం రాకూడదు కనుక రాత్రి 9 గంటల తరువాత టెంపోలు, చిన్న లారీలు వరుస కడతాయి. దుకాణం మూసే వేళకు సరుకు దించడం మొదలవుతుంది. పగలంతా తోపుడు బండ్ల మీద, సైకిల్ ఠేలాల మీద, అక్కడ పల్లేదార్లని పిలిచే హమాలీల వీపుల మీద బేళ్లు, పెట్టెలు సందుల గుండా సాగుతూనే ఉంటాయి. ప్రధాన వీధి అందంగా ఉన్నప్పటికీ దానిని ఆనుకున్న సందుల వెడల్పు పెరగలేదు. ఆ సందులలోకి వెళ్లవలసిన సరుకూ తగ్గలేదు. బస్తాకు ఇంత అని కూలి లెక్క కట్టే ఈ వృత్తిలో పని గంటలకు హద్దు లేదు. దెబ్బ తగిలితే పరిహారానికి పూచీపడే యజమాని ఉండడు. బస్తా దుకాణానిది, బండి మరొకరిది, వీపు మాత్రం కూలీది.

ఈ విషయంలో మహారాష్ట్ర అనుభవం గమనార్హం. 1969లోనే ఆ రాష్ట్రం హమాలీల కోసం మాథాడీ చట్టం తెచ్చింది. కూలీలనూ వర్తకులనూ ఒకే బోర్డులో నమోదు చేసి, కూలి డబ్బును బోర్డు ద్వారా చెల్లించి, భవిష్య నిధి వంటి రక్షణలు కల్పించే ఏర్పాటు అది. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, మోసే మనిషికి ఒక లెక్క, ఒక పేరు ఇచ్చిన చట్టం అది. దేశ రాజధానిలోని అతి పెద్ద టోకు బజారులో అటువంటి యంత్రాంగం కొరవడడం పాలకులకు గర్వకారణం కాజాలదు.

ప్రయాణికుల విషయంలో పరిస్థితి మెరుగుపడిందనడంలో సందేహం లేదు. 2005 జూలైలో కశ్మీరీ గేట్ నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ వరకు భూగర్భ మెట్రో ప్రారంభమైనప్పటి నుంచి చాందినీ చౌక్, చావ్డీ బజారు స్టేషన్లు పాత నగరానికి కొత్త ద్వారాలయ్యాయి. 2017 మే నెలలో మరో మార్గంపై జామా మసీదు, ఎర్రకోట స్టేషన్లు తెరుచుకున్నాయి. పాత కట్టడాలకు హాని కలగకుండా నేల అడుగున సొరంగాలు తవ్విన ఇంజనీర్ల నైపుణ్యం ప్రశంసనీయం. కొనుగోలుదారుకు కారు అవసరం లేదని నిరూపించినది మెట్రోయే. వీధిని మూసివేయడం సాధ్యమైనది కూడా దాని వల్లనే. కానీ మెట్రో మనుషులను మోస్తుంది. మిరపకాయల బస్తాలను మోయదు.

వాహనాల నిలుపుదల కోసం గాంధీ మైదాన్‌లో ప్రైవేటు భాగస్వామ్యంతో దుకాణ సముదాయంతో కూడిన బహుళ అంతస్తుల భవనం లేచింది. అందులో సుమారు 2 వేల కార్లు పెట్టుకోవచ్చు. కార్లలో వచ్చే కొనుగోలుదారు కోసం అంత పెద్ద భవనం కట్టగలిగినప్పుడు, సరుకు దించి, విడదీసి, చిన్న బండ్లకు ఎక్కించే ఒక సాధారణ ఆవరణను అదే ప్రాంతంలో ఎందుకు సమకూర్చలేకపోయారన్న ప్రశ్న తలెత్తక మానదు.

చిరు వర్తకుడి హక్కు

వీధి వర్తకుల ఉదంతం కూడా ఇటువంటిదే. వీధి విక్రేతల జీవనోపాధి రక్షణ, నియంత్రణ చట్టాన్ని పార్లమెంటు 2014లో ఆమోదించింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలని, సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చే వరకు ఎవరినీ తొలగించరాదని ఆ చట్టం చెబుతున్నది. మరోవైపు చాందినీ చౌక్ ప్రధాన వీధిని విక్రయ నిషిద్ధ ప్రాంతంగా పరిగణిస్తున్నారు. శాశ్వత దుకాణదారుల సంఘాలు ఆక్రమణల తొలగింపును కోరుతూ హైకోర్టును ఆశ్రయించాయి. నిషిద్ధ ప్రాంతంలో హాకర్లను అనుమతించరాదని కోర్టు ఆదేశాలు వచ్చాయి. ఆ ఆదేశాలు అమలైన రోజున వీధి ఖాళీ అవుతుంది; కొద్ది రోజులకే మళ్లీ నిండుతుంది.

దుకాణదారుల ఫిర్యాదును తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. వారు పన్నులు కడుతున్నారు, అద్దెలు కడుతున్నారు; తమ గుమ్మం ఎదుట అదే సరుకు చవకగా అమ్ముతుంటే సహించలేకపోవడం మానవ సహజం. పైగా నవీకరణ పనుల కాలంలోనూ, కరోనా కాలంలోనూ వారి వ్యాపారం దెబ్బతిన్నది. అయితే దుకాణదారునికీ హాకరుకూ మధ్య తగవు తీర్చడానికి చట్టం ఒక మార్గం చూపింది. సర్వే జరిపి, స్థలాలు గుర్తించి, ఎవరు ఎక్కడ అమ్మాలో నిర్ణయించడమే ఆ మార్గం. దానిని పక్కనబెట్టి రోజువారీ దాడులను నమ్ముకుంటే ఇరు వర్గాలకూ శాంతి ఉండదు. దరియాగంజ్ కాలిబాటల మీద దశాబ్దాలుగా సాగిన ఆదివారపు పాత పుస్తకాల సంతను 2019లో కోర్టు ఉత్తర్వులతో తొలగించినప్పుడు, సమీపంలోని మహిళా హాట్‌లో దానికి చోటు చూపించారు. సంత బతికింది. చోటు చూపించిన తరువాతనే కదిలించాలన్న సూత్రానికి రాజధానిలోనే ఉన్న ఉదాహరణ ఇది.

నిప్పుతో చెలగాటం

పాత బజార్లలో సరుకును లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల పోయేది అందమో సౌకర్యమో మాత్రమే కాదు, ప్రాణాలు. 1999లో పాత ఢిల్లీ లాల్ కువా రసాయనాల బజారులో చెలరేగిన మంటలు 57 మందిని బలిగొన్నాయి. 2019 డిసెంబరు 8 తెల్లవారుజామున సదర్ బజారు సమీపంలోని అనాజ్ మండీలో సంచులు, ఇతర వస్తువులు తయారు చేసే భవనం అంటుకుని 43 మంది మరణించారు. వారిలో అత్యధికులు పని చేసిన చోటనే నిద్రించిన వలస కూలీలు. 2022 నవంబరులో భగీరథ్ ప్యాలెస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ప్రాణనష్టం తప్పినా, వందకు పైగా దుకాణాలు కాలిపోయాయి. ఇరుకు సందులలోకి అగ్నిమాపక శకటాలు చొరబడలేక మంటలు పూర్తిగా చల్లారడానికి రోజులు పట్టింది.

పొరుగు దేశం బంగ్లాదేశ్ రాజధాని ఢాకా పాత నగరానిదీ ఇదే కథ. 2010 జూన్‌లో నీమ్‌తలీ ప్రాంతంలో రసాయనాల గిడ్డంగి నుంచి వ్యాపించిన మంటల్లో వంద మందికి పైగా ఆహుతయ్యారు. గిడ్డంగులను ఊరి వెలుపలికి తరలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట నెరవేరక ముందే 2019 ఫిబ్రవరి 20 రాత్రి చౌక్‌బజారులో అటువంటి ప్రమాదమే జరిగి సుమారు 70 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు దుర్ఘటనల మధ్య గడిచిన కాలం తొమ్మిదేళ్లకు కొద్ది నెలలు తక్కువ. తరలింపు ప్రకటన చేయడానికి ఒక రోజు చాలు. తరలింపుకు కావలసిన స్థలం, రోడ్డు, నీరు, రుణం సమకూర్చడానికి మాత్రం రాజకీయ సంకల్పం కావాలి.

ప్రమాదకర వస్తువుల వ్యాపారాన్ని, భారీ టోకు వర్తకాన్ని గోడల నగరం నుంచి తరలించాలన్న సూచన ఢిల్లీ బృహత్ ప్రణాళికలకు కొత్త కాదు. 1962 నాటి తొలి ప్రణాళిక నుంచీ ఆ మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉన్నది. తరలింపు అసాధ్యమని వాదించే వారికి సమాధానాలు ఉన్నాయి. ఢిల్లీ పండ్లు, కూరగాయల టోకు వ్యాపారం 1977లో ఆజాద్‌పూర్‌కు మారి అక్కడ స్థిరపడింది. చెన్నైలో తెలుగువారికి చిరపరిచితమైన జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడి కూరగాయల బజారు 1996లో కోయంబేడుకు తరలింది. అక్కడ 3 వేలకు పైగా దుకాణాలతో విశాలమైన సముదాయం నిర్మించి, తరువాత దానిని ఆనుకునే బస్ స్టాండ్ కూడా కట్టారు. మార్కెట్టు వెళ్లవలసిన చోటుకు ముందుగా రోడ్డు వెళ్లింది.

ఇందుకు భిన్నమైన అనుభవం హైదరాబాద్‌లో ఎదురైంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించినప్పుడు, కొత్త చోట వసతులు చాలవంటూ వ్యాపారులు, కమీషన్ ఏజెంట్లు హైకోర్టు తలుపు తట్టారు. తరలింపు అవసరమా కాదా అన్న చర్చ కంటే, తరలింపు ఏ క్రమంలో జరిగిందన్నదే అక్కడ వివాదమైంది. వ్యాపారి న్యాయవాదిని పెట్టుకోగలడు. అతని దుకాణం ముందు బుట్టలు మోసే హమాలీకి ఆ స్తోమత లేదు. మార్కెట్టు ఇరవై కిలోమీటర్లు జరిగితే ఆ కూలీ ఇల్లు కూడా జరగాలి, పిల్లల బడి కూడా మారాలి. ఏ తరలింపు ఉత్తర్వులోనూ ఈ ఖర్చు ఎవరిదన్న ప్రస్తావన కనిపించదు.

చార్మినార్‌కు వర్తించే హెచ్చరిక

చాందినీ చౌక్‌తో పోల్చదగిన పథకం తెలుగు నేలపైనా ఉంది. చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి, రాతి పలకలు పరచి, పాదచారులకు కేటాయించే పథకం 2000ల దశకంలో మొదలై ఏళ్ల తరబడి సాగింది. అక్కడా లాడ్ బజారు గాజుల వర్తకులు, పత్తర్‌గట్టీ వస్త్ర వ్యాపారులు, తోపుడు బండ్లవారు, పర్యాటకులు ఒకే జాగా కోసం పెనుగులాడుతున్నారు. పాత నగరానికి మెట్రోను పొడిగించే పనికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. మెట్రో వచ్చిన తరువాత అక్కడి వీధులపై పాదచారుల ఒత్తిడి పెరుగుతుందని ఢిల్లీ అనుభవం చెబుతున్నది. బేగంబజారుకు, అఫ్జల్‌గంజ్‌కు చేరే టోకు సరుకుకు ప్రత్యామ్నాయ మార్గం ముందుగా చూడకపోతే, ఢిల్లీలో రాత్రికి జరిగిన బరువు హైదరాబాద్‌లోనూ రాత్రికే జరుగుతుంది. ఢిల్లీలో కొసలకు జరిగిన రద్దీ ఇక్కడ మదీనా కూడలికి జరుగుతుంది.

చాందినీ చౌక్‌ను పట్టి పీడిస్తున్న మరో జాడ్యం బాధ్యత చీలిపోవడం. రాతి పలకలు వేసింది ప్రజాపనుల శాఖ. ఊడ్చవలసింది నగరపాలక సంస్థ. 2012లో మూడు ముక్కలై 2022లో మళ్లీ ఒకటైన ఆ సంస్థ తన సొంత ఇంటిని చక్కదిద్దుకోవడానికే సతమతమైంది. వాహనాలను ఆపవలసిన పోలీసు యంత్రాంగం కేంద్ర ప్రభుత్వ అధీనంలో ఉంది. ఎర్రకోట పురావస్తు శాఖది. ఇందరి మధ్య పునరభివృద్ధి సంస్థకు ఉన్నది సమన్వయ పాత్ర మాత్రమే. వీధి ప్రారంభమైన కొద్ది కాలానికే విరిగిన స్తంభాలు, ఊడిన పలకలు, నిషేధిత వేళలలో దూసుకువచ్చే మోటారు సైకిళ్ల గురించి వర్తకులు ఫిర్యాదు చేయసాగారు. నిర్మాణానికి నిధులు దొరికినంత సులువుగా నిర్వహణకు దొరకవన్నది మన ప్రభుత్వ పనుల తీరు తెలిసిన వారికి కొత్త విషయం కాదు.

చేయవలసిన పనులు అంతుచిక్కనివేమీ కావు. మొదటిది, లెక్క. ఈ ప్రాంతంలోకి రోజూ ఎంత సరుకు వస్తున్నది, ఎన్ని బండ్లు, ఎందరు హమాలీలు, ఎందరు రిక్షా కార్మికులు పనిచేస్తున్నారన్న సమగ్ర సర్వే జరిపి ఫలితాలను బహిరంగపరచాలి. రెండవది, చోటు. వీధి రెండు కొసలలో సరుకు మార్పిడి ఆవరణలు, రిక్షా నిలుపుదల స్థలాలు, రాత్రి పని చేసే కూలీలకు విశ్రాంతి గదులు నిర్మించాలి. మూడవది, రక్షణ. రసాయనాలు, మండే స్వభావం గల వస్తువుల గిడ్డంగులను గడువు పెట్టి, కొత్త చోట వసతులు పూర్తయిన తరువాత తరలించాలి. ఆ ఒప్పందంలో కూలీల ప్రతినిధికి కూడా సంతకం చేసే హక్కు ఉండాలి. నాలుగవది, జవాబుదారీ. వీధి నిర్వహణకు ఒకే అధికారి, ఏటా కేటాయించే ఒకే నిధి ఉండాలి.

వీటికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న రాకపోదు. అతి పెద్ద టోకు బజార్ల నుంచి ప్రభుత్వ ఖజానాకు చేరే పన్నులో స్వల్ప భాగాన్ని ఆ బజార్లకే తిరిగి వెచ్చించడం దాతృత్వం కాదు, పెట్టుబడి. ఇరుకు సందులో అరగంట నిలిచిపోయిన బండి ఖర్చు చివరకు గుంటూరు రైతుకు దక్కే ధరలోనో, ఢిల్లీ గృహిణి చెల్లించే ధరలోనో కలుస్తుంది. ఆ ఖర్చును ఇప్పటి వరకు నిశ్శబ్దంగా భరిస్తున్నవాడు మధ్యలోని హమాలీ.

పాత నగరాల నవీకరణ పేరిట రాబోయే సంవత్సరాలలో మరెన్నో పట్టణాలలో వీధులు తవ్వుతారు, పలకలు వేస్తారు. ప్రతి పథకం నమూనా చిత్రంలోనూ చెట్ల నీడన నడిచే కుటుంబాలు, ఐస్‌క్రీం తినే పిల్లలు కనిపిస్తారు. వారికి ఆ వీధిపై హక్కు ఉంది. కానీ అదే చిత్రంలో బస్తా మోసే మనిషి, రిక్షా తొక్కే మనిషి కూడా ఉండి తీరాలి. వారికి చోటు చూపని నమూనా ఏ నగరపాలక సంస్థ ముందుకు వచ్చినా, ఆమోద ముద్ర వేయకుండా వెనక్కు పంపడమే ఉచితం.